తాళం వేసిన సబ్‌వే

ఆగస్టు 2

అమ్మ పోయి ఇవాళ్టికి నలభై ఆరు రోజులు. ఈ నోట్‌బుక్ ఎవరికీ చూపించను. మా ఇంట్లో చదవగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి దాచాల్సిన పనీ లేదు. బల్ల మీదే పెడతాను.

ఇద్దరి మీద పగ తీర్చుకోవాలి. ఒకరు మా ఆఫీసు ఇన్‌చార్జి సారు. సబ్‌వేకి తాళం వేయించింది ఆయన. రెండో మనిషి ఆ తాళంచెవి జేబులో పెట్టుకుని గేటు ముందు కుర్చీలో కూర్చునే గార్డు. మా నాన్న.

రాసి చూసుకున్నాను. ఒక్క కొట్టివేత కూడా లేదు. మంచిదే.

ఆగస్టు 3

కోపంలో ఏదీ మర్చిపోకుండా వరసగా రాసుకుంటాను.

నాలుగేళ్ల కిందట వేరే ఊళ్లో, రైలు స్టేషన్ కింద జనం నడిచే దారిలో బాంబు పేలింది. తొమ్మిది మంది పోయారు. వారం తిరక్కుండా మా ఊళ్లో మెయిన్ రోడ్డు కింద ఉన్న సబ్‌వేకి రెండు వైపులా ఇనప గేట్లు బిగించి తాళాలు వేశారు. 'భద్రతా కారణాల వల్ల' అని బోర్డు పెట్టారు. ఆ తాళాలకి కాపలాగా నాన్నని పెట్టారు. ఆ రోజు ఇంట్లో ఎంత సంబరమో! అంతకు ముందు నాన్న లారీల్లోకి మూటలెక్కించేవాడు. యూనిఫాం వేసుకునే ఉద్యోగం అదే మొదటిది. నా డిగ్రీ గట్టెక్కింది ఆ జీతంతోనే. ఆ సంగతి ఇక్కడ రాయకూడదనుకున్నాను. రాసేశాను.

అప్పట్నించి జనమంతా రోడ్డు మీదుగానే దాటుతున్నారు. ఆరు వరసల రోడ్డు. సిగ్నల్ లేదు. అమ్మ రోజూ ఒంటిగంటకి ఇస్త్రీ పని ఆపి, క్యారియర్ పట్టుకుని మా ఇంటి వైపు నుంచి అటువైపు దాటి నాన్నకి భోజనం ఇచ్చి వచ్చేది. జూన్ 17న దాటలేకపోయింది. సిమెంటు లారీ.

నాన్న పోలీసులకి చెప్పింది నాకు కంఠతా వచ్చు. "నా కుర్చీలో కూర్చుని ఉన్నాను సారూ. చూస్తుండగానే గుద్దింది." చూస్తుండగానే. జేబులో తాళంచెవి పెట్టుకుని.

నాలుగో రోజుకల్లా యూనిఫాం తొడుక్కుని వెళ్లి మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నాడు. ఆ పూట నుంచే నేను ఆయనతో మాట్లాడటం మానేశాను.

ఆగస్టు 5

ఇవాళ కూడా మాట్లాడలేదు. కంచం పెట్టాను. మంచినీళ్లు పెట్టలేదు. లేచి ఆయనే ముంచుకున్నాడు.

ఆగస్టు 8

నేను నగర కార్యాలయంలో భద్రతా విభాగంలో చేరి ఎనిమిది నెలలు. కాంట్రాక్టు ఉద్యోగం. లెక్కలు సేకరించి పట్టికలు తయారుచేయడం నా పని. చేరిన రోజు అమ్మ బట్టలిచ్చే ఇళ్లన్నిటికీ తిరిగి "మా పిల్ల ఊరిని కాపాడే ఆఫీసులో చేరింది" అని చెప్పి వచ్చింది.

మా ఆఫీసు గుమ్మంలో సంచులు చూసే మెషీను ఉంది. బెల్టు తిరుగుతుంది, తెర వెలగదు. ఇవాళ దానిలోంచి నా అన్నం డబ్బా బయటికొస్తుంటే వెనక నుంచి స్టాంపక్క అంది, "మూడేళ్లయిందే ఇది పెట్టి. పట్టుకున్న ఆయుధం ఒకే ఒక్కటి, గోళ్ల కత్తెర. అదీ సారుదే."

స్టాంపక్క అంటే వచ్చిన ప్రతి కాగితం మీదా తేదీ కొట్టి నంబరు వేసే ఆవిడ. పేరెట్టి ఎవరూ పిలవరు. ఆఫీసులో నన్ను 'పాపం' అన్నట్టు చూడని మనిషి ఆవిడొక్కతే.

ఈ నెల 22న బడ్జెట్ మీటింగు. మా విభాగం అడుగుతున్నవి టైపు చేశాను. ముప్పై కెమెరాలు, ఇంకో రెండు మెషీన్లు, బాంబులు తీసేవాళ్లకి ఒక దళసరి సూటు. మెయిన్ రోడ్డు మీద సిగ్నల్ కోసం ఇంజనీర్లు రాసిన కాగితం కూడా నా చేతికొచ్చింది. మూడోసారి రాశారట. కింద సారు చేతిరాత: 'నిధులు లేవు.' ఒక్క మెషీను ఖరీదుతో అలాంటి సిగ్నళ్లు మూడు పెట్టొచ్చు.

ఆ రెండు మాటల్నీ చాలాసేపు చూశాను. అందమైన చేతిరాత. దాన్ని ఆయన చేతే మింగిస్తాను.

ఆగస్టు 12

నాలుగు రోజులుగా మధ్యాహ్నం భోజనం మానేసి పెద్దాసుపత్రికీ పోలీస్ స్టేషన్‌కీ తిరుగుతున్నాను. సబ్‌వేకి తాళం వేశాక ఆ చోట రోడ్డు దాటుతూ పోయినవాళ్లెంతమందో ఇప్పుడు తేలింది. పద్నాలుగు.

ఒక టైలరు. స్కూలు యూనిఫాంలో ఒక పిల్ల. చేతులు పట్టుకుని దాటుతున్న ముసలి భార్యాభర్తలు, ఇద్దరూ ఒకే నిమిషంలో. ఆఖరి వరసలో అమ్మ. 'ఇస్త్రీ పనిచేసే మహిళ, వయసు సుమారు నలభై ఐదు.' సుమారట. నన్నడిగితే చెప్పేదాన్నిగా, నలభై మూడని.

ఇక మా ఊళ్లో ఇంతవరకు పేలిన బాంబులు: సున్నా. పోయినేడాది సబ్‌వే దగ్గర అనుమానాస్పదమైన సంచి ఒకటి దొరికింది. రోడ్డంతా ఆపేసి తెరిచారు. మూడు జతల చెప్పులు.

పట్టిక స్టాంపక్కకి చూపించాను. పొగుడుతుందనుకున్నాను. ఆవిడ సున్నా మీద వేలు పెట్టింది.

"ఆ రైలు స్టేషన్‌లో పోయిన తొమ్మిది మందిలో మా అన్నయ్య ఉన్నాడు. తెలుసా నీకు?"

తెలియదు.

"రేపు నువ్వు సబ్‌వే తెరిపించినా నేను దిగను. లారీ కిందైనా పడతాను గానీ."

"అయితే తెరవొద్దంటావా అక్కా?"

"మొద్దూ, నేను దిగనన్నాను. నిన్ను దిగొద్దన్నానా? నా భయం నాది. నా కోసం ఊరందరికీ తాళమేస్తారా?" పట్టిక నా చేతిలో పెట్టింది. "ఇవ్వు, తీసుకెళ్లి ఇవ్వు. అన్నట్టు పద్నాలుగు స్పెల్లింగ్ సరిచూసుకో. లెక్క కరెక్టుగా ఉండి అక్షరం తప్పితే అక్షరమే పట్టుకుంటారు వీళ్లు."

ఆగస్టు 16

సారుకి ఇచ్చాను. సిగ్నల్‌కి డబ్బు లేదని రాసిన చేత్తోనే నా పట్టిక పట్టుకుని చదివారు. మొహం పాలిపోతుందని చూశాను.

"శభాష్ అమ్మా," అన్నారు. "ఇంత ఓపిగ్గా ఎవరూ చెయ్యలేదు. మీటింగుకి ఇలా విడికాగితం పనికిరాదు. సున్నిత ప్రాంతాల ఫారం ఉంది, దాన్లో నింపి పట్టుకురా."

నింపాను. స్థలం పేరు. పక్కన 'గత నాలుగేళ్లలో మరణాలు' అని ఒక గడి. 14 అని పెద్దగా వేశాను. ఎలా పోయారో రాయడానికి గడి లేదు. అడుగుతారుగా, అప్పుడు సారే నోరు తెరిచి చెప్పాలి, లారీలని. పదిమంది ముందు.

నాన్న పొద్దున అన్నాడు, "ఏంటమ్మా, మొహం కళగా ఉంది?" జవాబు చెప్పలేదు గానీ, కళగానే ఉంది.

ఆగస్టు 22

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సారు మీటింగు నుంచి నవ్వుతూ వచ్చారు. అన్నీ మంజూరయ్యాయి. ముప్పై కాదు, నలభై కెమెరాలు. "నీ ఫారం వల్లేనమ్మా," అన్నారు.

పది మరణాలు దాటిన చోటు ఏదైనా మొదటి తరగతి సున్నిత ప్రాంతం. ఎందుకు పోయారన్నది లెక్కలోకి రాదు. మొదటి తరగతి ప్రాంతంలో భూమి కింద దారి ఉంటే తాళం చాలదు, శాశ్వతంగా మూసేయాలి. సబ్‌వేకి రెండు వైపులా ఇటుక గోడ కట్టడానికి మంజూరు చేశారు. వచ్చే నెల పని మొదలు.

"సారూ, వాళ్లు బాంబు వల్ల పోలేదు. రోడ్డు దాటుతూ పోయారు. సబ్‌వే మూసేసినందుకే పోయారు."

"తెలుసమ్మా."

"మరి గోడెందుకు సారూ?"

ఆయన తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నారు. "చూడమ్మా, మీ అమ్మగారి విషయం నాకూ బాధే. కానీ విను. లారీ గుద్దితే ఎవర్ని పట్టుకుంటారు? డ్రైవర్ని. రేపు సబ్‌వేలో ఏదైనా పేలితే? తెరవమని సంతకం పెట్టిందెవరని అడుగుతారు. నాకూ పిల్లలున్నారు."

"పద్నాలుగు మంది సారూ."

"అదేగా, ప్రమాదకరమైన చోటు. అందుకే గోడ."

ఎగతాళి చేయడం లేదు. నిజంగానే చెప్పారు.

ఆగస్టు 23

ఆ నిబంధన, నేను నింపిన ఫారం వెనక పేజీలోనే ఉంది. మా వంశంలో మొదట చదువుకున్నదాన్ని నేను. వెనక పేజీ తిప్పి చూడలేదు.

ఆగస్టు 24

సారుని ఏమీ చేయలేను.

ఆగస్టు 27

సాయంత్రం ఆఫీసు నుంచి త్వరగా వచ్చేశాను. బస్సు దిగేసరికి సబ్‌వే మెట్ల దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు. ఎదురుగా చంకల కింద కర్రలు పెట్టుకున్న పెద్దాయన ఎవరో. నాన్న అటూ ఇటూ చూసి, జేబులోంచి తాళంచెవి తీసి, గేటు తెరిచాడు. ఆయన్ని చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ దింపుకుంటూ లోపలికి తీసుకెళ్లాడు. పది నిమిషాల తర్వాత ఒక్కడే తిరిగొచ్చి గేటు వేసి, ఏమీ ఎరగనట్టు కుర్చీలో కూర్చున్నాడు.

బస్‌స్టాప్ స్తంభాన్ని పట్టుకుని చూశాను ఇదంతా.

అంటే తెరుచుకుంటుందన్నమాట. ముక్కూ మొహం తెలియని ముసలాయనకి తెరుచుకుంటుంది. అమ్మకి తెరుచుకోలేదు. పెళ్లయిన దగ్గర్నుంచి వండి పెట్టిన మనిషి అవతల మండుటెండలో క్యారియర్‌తో నిలబడితే రూలు గుర్తొచ్చింది ఈయనకి.

సారుని ఏమీ చేయలేనని రాశాను. నిజమే. గార్డుని చేయగలను.

ఆగస్టు 28

పొద్దున్నే టైపు చేశాను. సబ్‌వే గార్డు తన దగ్గరున్న తాళంచెవిని ఇష్టానుసారం వాడుతున్నాడు, అనుమతి లేని వ్యక్తుల్ని లోపలికి పంపుతున్నాడు, నేను కళ్లారా చూశాను. తేదీ, సమయం. కింద నా సంతకం. ఆకాశరామన్న ఉత్తరం రాయడానికి నేనేమీ పిరికిదాన్ని కాదు.

స్టాంపక్క చదివింది. మళ్లీ చదివింది.

"గార్డంటే మీ నాన్న కాదుటే?"

"స్టాంపు వెయ్యక్కా."

"ఇంట్లో కూర్చుని తిట్టుకోండి, కొట్టుకోండి. ఆఫీసు కాగితం మీదెందుకే ఇది? ఒక్క రాత్రి నీ దగ్గరే ఉంచుకో. రేపు కూడా వెయ్యాలనిపిస్తే రేపు వేస్తా."

"నీ పని నువ్వు చెయ్యక్కా."

మొహం తిప్పుకుని గట్టిగా కొట్టింది. నంబరు పడింది.

ఆగస్టు 29

హాయిగా నిద్రపట్టింది.

ఆగస్టు 30

నాన్న యూనిఫాం చొక్కాకి బొత్తాం ఊడిపోతే సూది నా దగ్గరికి తెచ్చాడు. దారం ఎక్కించమని. కళ్లు ఆనడం లేదట. ఎక్కించి ఇచ్చాను. వచ్చే వారం ఆ చొక్కా వేసుకునే పని ఉండదని చెప్పలేదు. లోపల్లోపల నవ్వుకున్నాను.

నవ్వుకున్నానని రాసుకోవాలనిపించింది.

సెప్టెంబరు 1

ఆదివారం. ఇద్దరం ఇంట్లోనే. నాన్న నిలబడే, అమ్మ ఇస్త్రీ బల్ల మీద కంచం పెట్టుకుని తింటున్నాడు. ఆ బల్ల మీద! ఇన్ని రోజుల మౌనం అక్కడ తెగింది.

"ఆ కుంటాయనకి గేటు తీశావే, చూశాన్లే. అమ్మకెందుకు తియ్యలేదు?"

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నా గొంతు విని సంతోషపడాలో, నేను అడిగింది విని భయపడాలో తెలియనట్టు చూశాడు.

"తీశానమ్మా."

"ఏంటి?"

"మీ అమ్మకి కూడా తీశాను. ఆ రోజు ఎండ మండిపోతోంది. అవతల నిలబడి రెండుసార్లు అడుగు ముందుకేసి వెనక్కేసింది. నేను కుర్చీలోంచి చూస్తున్నా. సరేలే అని నా వైపు గేటు తీసుకుని, కిందనుంచి నడిచెళ్లి అవతలి గేటు కూడా తీశాను. రావే, అన్నాను. తిట్టింది."

"ఏమని?"

"'కుర్చీ ఖాళీగా వదిలేసి వచ్చావా? సారు కారు ఈ టైముకే కదా వెళ్లేది, చూశాడంటే ఇంకేమైనా ఉందా? పిల్ల కొత్తగా ఆ ఆఫీసులోనే చేరింది. నీ వల్ల దాని పేరు కూడా పాడవుతుంది. పో, పోయి కూర్చో, నేను పైనుంచి వస్తాలే' అంది. క్యారియర్ నేను పట్టుకెళతానన్నా ఇవ్వలేదు. లోపల తిరిగినట్టు తెలిసిపోతుందంది."

నేను కూర్చోలేదు. నిలబడే ఉన్నాను.

"గేటు వేసి వెనక్కి నడుస్తున్నా. సగం దారిలో ఉండగా నెత్తిమీద బ్రేకు చప్పుడు వినిపించింది. లారీలు రోజూ బ్రేకులేస్తూనే ఉంటాయి కదమ్మా. నింపాదిగానే నడిచాను. పైకొచ్చి చూస్తే జనం."

"మరి పోలీసులకి కుర్చీలో ఉన్నానని ఎందుకు చెప్పావు?"

"కుర్చీ వదిలానంటే ఉద్యోగం తీసేస్తారు. ఆ ఉద్యోగం పోకూడదనే కదా మీ అమ్మ పైనుంచి..." అని ఆగిపోయాడు. చెయ్యి కడుక్కుని వచ్చి అన్నాడు, "అప్పట్నించీ పరిగెత్తలేనివాళ్లెవరొచ్చినా తీస్తున్నాను. సారు కారు పోయాక."

నేను నమ్మలేదు. తప్పించుకోవడానికి అల్లిన కథ అన్నాను. ఆయన వాదించలేదు.

సెప్టెంబరు 1, సాయంత్రం

అమ్మ గొంతు అచ్చం అదే. 'పో, పోయి కూర్చో.' నాన్నకి అలాంటివి అల్లడం రాదు.

అమ్మ మీద కోపం వస్తోంది. దాని పేరు పాడవుతుందట. నా పేరు.

సెప్టెంబరు 2

తలుపులు తెరవకముందే ఆఫీసుకి వెళ్లాను. స్టాంపక్క నన్ను చూడగానే అడక్కుండానే చెప్పింది, "లేదు, నా దగ్గర లేదు. గురువారమే సారు బల్ల మీదకెళ్లింది."

సారుతో చెప్పాను, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని.

"నిజం కాదా అందులో రాసింది?"

"నిజమే సారూ. కానీ ఆయన తీసేది నడవలేనివాళ్లకి, పరిగెత్తలేనివాళ్లకి."

"అనుమతి లేని వ్యక్తులకనే కదమ్మా నువ్వు రాసింది? సరిగ్గానే రాశావు." చాలా దయగా మాట్లాడారు. అదే భరించలేకపోయాను. "ఆ ప్రమాదాలకి జవాబుదారీ ఎవరని పైనుంచి అడుగుతున్నారు. గార్డు నిర్లక్ష్యం అని రాసేశాం. నీ కాగితంతో రెండు ఫైళ్లూ ఒకేసారి మూతపడ్డాయి. కన్నతండ్రి అని కూడా చూడలేదు నువ్వు. నీ కాంట్రాక్టు పొడిగించమని రాశాను."

"నేను రాసింది తాళం గురించి సారూ. పద్నాలుగు మంది గురించి కాదు."

"రెండూ ఒక చోటేగా," అన్నారు.

ఆయన బల్ల మీద గాజు పేపర్‌వెయిట్ ఉంది. దాన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. చేతులు వెనక్కి కట్టుకున్నాను.

సెప్టెంబరు 3

నాన్నకి చెప్పాలి.

సెప్టెంబరు 4

చెప్పలేదు.

సెప్టెంబరు 6

మధ్యాహ్నం రెండింటికే నాన్న ఇంటికొచ్చాడు. యూనిఫాంలో లేడు. తాళంచెవులూ, టోపీ, చొక్కా అక్కడే తీసేసుకున్నారట. లోపల వేసుకున్న బనీను మీదే మెయిన్ రోడ్డు దాటుకుని వచ్చాడు. నేను ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. ఎదురుచూస్తున్నానని రాయడానికి సిగ్గేస్తోంది.

చేతిలో కవరు. నాకిచ్చి ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"ఏం రాశారో చదువమ్మా. వేలిముద్ర వేయించుకున్నారు గానీ ఎవరూ చదివి చెప్పలేదు."

రెండు పేజీలు. చదవడం మొదలుపెట్టాను. సబ్‌వే గార్డుగా పనిచేస్తున్న ఈ వ్యక్తి విధి నిర్వహణలో తీవ్ర నిర్లక్ష్యం. తాళాన్ని దుర్వినియోగం చేయడం. తాళాన్ని అధికారుల అనుమతి లేకుండా తెరవడం. తద్వారా ప్రజల ప్రాణాలకు ముప్పు కలిగించడం. ఇవాళ్టి నుంచే తొలగింపు.

చదివి మడతపెట్టాను.

"ఒక లైను దాటేశావు," అన్నాడు.

"లేదు నాన్నా."

"నువ్వు బళ్లో చేరిన దగ్గర్నుంచీ చదువుతుంటే ఎదురుగా కూర్చున్నాను. నాకు అక్షరాలు రావు గానీ నీ కళ్లు తెలుసు. మొదటి పేజీ కింద ఆగాయి. ఆగి, గబుక్కున రెండో పేజీకి పోయాయి. ఏముంది అక్కడ?"

మడత విప్పాను. ఆ లైను చదివాను. 'ఈ కార్యాలయ ఉద్యోగిని, సదరు గార్డుకి స్వయానా కుమార్తె, రాతపూర్వకంగా ఇచ్చిన ఫిర్యాదు ఆధారంగా.'

వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయడానికి కిక్కులు కొడుతున్నారు. అది స్టార్ట్ అయ్యాక నాన్న అడిగాడు.

"టైపు కొట్టావా, చేత్తో రాశావా?"

"టైపు చేశాను."

"చేత్తో రాయాల్సింది. నీ రాత బాగుంటుంది."

కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండేది. నేను ఏడవడం మొదలుపెట్టినా నా వైపు రాలేదు. ఆయన చెయ్యి మాత్రం ఒకసారి లేచి, మళ్లీ మోకాలి మీద పడింది.

"ఆ కాగితంలో," అన్నాడు, "మీ అమ్మ గురించి ఏమైనా రాశారా? చూడు సరిగ్గా."

కళ్లు తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి చూశాను. ఈసారి ఒక్క అక్షరం దాటలేదు. వెనక వైపు కూడా తిప్పాను. 'తాళం' అన్న మాట తొమ్మిది చోట్ల ఉంది. గోడ పని సోమవారం మొదలవుతుందని ఉంది.

"లేదు నాన్నా," అన్నాను.

"మళ్లీ చూడు," అన్నాడు.